కిందకి దించిన కారుకి ఏ జాకీ కొనాలి: ఒక కేసు, అందులో నేను ఇచ్చిన తప్పు సలహాతో సహా

ఇంటి దగ్గర సొంతంగా కారు పనులు చేసుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది జాకీ గురించే. ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో మొదటిసారి నేను ఇచ్చిన సలహా తప్పు. ఆ తప్పు సలహా విని, అడిగినాయన ఒక జాకీ కొనేశారు కూడా. ఎక్కడ తప్పానో తర్వాత కూర్చుని వెనక్కి లెక్క వేసుకుంటే, అసలు నేను ప్రశ్నే తలకిందులుగా అడిగానని తేలింది. మనిషి ఎవరో, కారు ఏదో తెలియకుండా ఆ వివరాలన్నీ తీసేశాను. కొలతలు మాత్రం టేపు పెట్టి తీసినవే, ఎందుకంటే కేసంతా వాటి మీదే నడిచింది.

నేపథ్యం

ఆయన మెకానిక్ కాదు. సెలవు రోజున ఆయిల్ మార్చుకోవడం, బ్రేక్ ప్యాడ్లు చూసుకోవడం, టైర్లు ముందువి వెనక్కి మార్చుకోవడం లాంటివి తానే చేసుకోవాలని ఇష్టం. కారు సెడాన్, ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది, మామూలు గేర్లు, ఖాళీ బరువు సుమారు 1250 కిలోలు. టైర్లు 205/45 ఆర్17, అంటే టైరు పక్క గోడ ఎత్తు 92 మిల్లీమీటర్లే. దానికి తోడు, కొన్న ఏడాదికి స్ప్రింగులు మార్పించి కారుని 40 మిల్లీమీటర్లు కిందకి దించారు. డిక్కీలో కత్తెర జాకీ మాత్రం కంపెనీ ఇచ్చిన పాతదే ఉండిపోయింది. కారు ఎత్తు మారాక ఆ జాకీ ఇంకా దానికి సరిపోతుందా అని ఎవరూ చూడలేదు.

నా దగ్గరికి ఎలా వచ్చింది

ఒక పొద్దున చూసేసరికి ముందు ఎడమ టైరులో గాలి పూర్తిగా దిగిపోయి ఉంది. కత్తెర జాకీ తీసి మాన్యువల్లో చూపించిన చోట పెట్టబోతే దూరలేదు. పూర్తిగా మడిచినా దాని ఎత్తు 110 మిల్లీమీటర్లు. టైరులో గాలి ఉంటే ఆ పాయింటు నేల నుంచి 145 ఉంటుంది, గాలి పోయాక 105కి దిగింది. అంటే 5 మిల్లీమీటర్లు తక్కువ. కారు ముక్కు కిందకి వంగి ఉంది కాబట్టి తలుపుల కింద ఉండే రేకు అంచు వెనక్కి పోయేకొద్దీ కొంచెం కొంచెం పైకి ఉంది. జాకీని రెండు జానలు వెనక్కి జరిపితే దూరింది. దూరిన చోటే పెట్టి ఎత్తారు.

తలుపుల కింద పొడవునా ఒక రేకు మడత ఉంటుంది, రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన అంచు. చక్రాల దగ్గర, గుర్తులు పెట్టిన నాలుగు చోట్ల మాత్రమే దానికి లోపల అదనపు బలం ఉంటుంది. మధ్యలో ఆ బలం ఉండదు. బరువు పడగానే మడత పక్కకి వంగింది, దాంతో జాకీ నెత్తి ఒరిగింది, కారు దడాలున కింద కూర్చుంది. ఆ సమయానికి ఆయన జాకీ రాడ్డు పట్టుకుని బయట కూర్చుని ఉన్నారు, చక్రం ఇంకా విప్పలేదు, చెయ్యి లోపల లేదు. అందుకే దెబ్బ రేకుతో పోయింది.

"హ్యాండ్‌బ్రేక్ వేశాను, గేర్లో కూడా పెట్టాను, అయినా ఎందుకు పడింది అన్నా?" అని అడిగారు. మంచి ప్రశ్న, దీనికి సమాధానం చాలామందికి తెలియదు. ఆ రెండూ కారు దొర్లకుండా చూస్తాయి, జాకీ ఒరగకుండా చూడలేవు. పైగా దొర్లకుండా చూడటంలోనూ వాటికి హద్దుంది. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. గేరు, ఈ కారు లాంటి వాటిలో, ముందు చక్రాలని పట్టుకుంటుంది. అందులో ఒకటి గాల్లోకి లేచిందంటే, రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం ఖాళీగా తిరిగిపోతుంది, నేల మీద ఉన్న రెండోదాన్ని గేరు ఆపలేదు. కాబట్టి ముందు ఒక పక్క ఎత్తితే కారుని నిజంగా ఆపేది వెనక హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. వెనక ఎత్తితే, లేచిన చక్రం పక్క అదీ పోతుంది. చక్రాలకి అడ్డు దిమ్మలు పెట్టాలని నేను పట్టుబట్టేది ఇందుకే, ఆయన ఆ రోజు అవి పెట్టలేదు.

ఆయన అడిగింది సూటిగా ఉంది: మడత సరిచేయించుకుంటాను, ఇంటి దగ్గర ఏ జాకీ కొనుక్కోవాలో చెప్పండి.

నాకు చెప్పకముందు ప్రయత్నించినవి

ముందు తెలిసినవాళ్ల దగ్గర బాటిల్ జాకీ తెచ్చుకున్నారు. దాని కనీస ఎత్తు 195. ఈ కారు కిందకి గాలి నిండుగా ఉన్నా దూరదు. చక్రం వెనకున్న సస్పెన్షన్ ఆర్మ్ కింద పెడితే పడుతుందేమో అని చూశారట, అక్కడ సరిగ్గా ఆనే చదునైన చోటు లేక వదిలేశారు. వదిలేయడమే మంచిదైంది. బాటిల్ జాకీ ఎంత బరువైనా ఎత్తుతుంది, అందులో అనుమానం లేదు, కానీ దాని నెత్తి చిన్నది, అడుగు చిన్నది, పొడుగ్గా నిలబడుతుంది. ఎత్తుగా ఉండే బండ్లకి, గట్టి ఇరుసు కింద పెట్టడానికి అది సరైనది. వాలుగా ఉన్న ఆర్మ్ మీద పెడితే ఎత్తేకొద్దీ ఆర్మ్ కోణం మారుతుంది, ఆనిన చోటు జారుతుంది.

తర్వాత చక్రాల మీద దొర్లే మామూలు ట్రాలీ జాకీ, అదీ అడిగి తెచ్చుకున్నదే. కనీస ఎత్తు 135. పాయింటు 145 కాబట్టి దూరుతుంది, కానీ రేకు మడత నలగకుండా మధ్యలో గాడి ఉన్న రబ్బరు దిమ్మ పెట్టాలి, దాని మందం 20. అప్పుడు 155 అవుతుంది, దూరదు. దీనికి ఆయన చేసిన ఉపాయం జాకీ నెత్తి మీది కప్పు పీకేయడం. కప్పు తీస్తే రబ్బరుతో కలిపి 145 లోపు వచ్చింది. ఆ సంగతి నాకు ఫోన్లో చెప్పినప్పుడు ఆపేయమన్నాను. ఆ కప్పు ఊరికే అలంకారానికి పెట్టింది కాదు. బరువుని పట్టి ఉంచేది, పక్కకి జారకుండా అంచు అడ్డం పెట్టేది అదే. అది తీస్తే నున్నటి ఇనుప చెయ్యి మీద రబ్బరు ముక్క, దాని మీద 300 కిలోలకి పైగా బరువు.

ఆ జాకీలో ఇంకో లోపం కూడా బయటపడింది. నా దగ్గరికి తెప్పించి ఒక పాత బండిని ఎత్తి, కప్పు ఎత్తుని కొలిచి రాసుకుని అలా వదిలేశాను. 10 నిమిషాల్లో 12 మిల్లీమీటర్లు దిగింది. కంటికి కనపడనంత నెమ్మదిగా దిగడం వల్లే ఇది ప్రమాదం. లోపల సీలు అరిగినా, వాల్వు దగ్గర చెత్త చేరినా ఇలా జరుగుతుంది. ఎవరో అందులో బ్రేక్ ఆయిల్ పోసి ఉంటారని నా అనుమానం, వాసన అలాగే ఉంది. జాకీలో జాకీకి చెప్పిన హైడ్రాలిక్ ఆయిలే పోయాలి, బ్రేక్ ఆయిల్‌కి ఆ సీళ్లు పాడైపోతాయి.

నా తప్పు సలహా

ఇంతవరకు చూశాక నాకు సమస్య చాలా తేలిగ్గా కనిపించింది: జాకీ దూరడం లేదు, అంటే ఇంకా సన్నటి జాకీ కావాలి. గాలి పోయినప్పుడు పాయింటు 105, రబ్బరు 20 తీసేస్తే 85 లోపు దూరేది కావాలి. 80 మిల్లీమీటర్ల కనీస ఎత్తు ఉన్న చిన్న లో ప్రొఫైల్ ట్రాలీ జాకీ ఉంటుంది, 2 టన్నులది, ఈ కారుకి బరువు పరంగా ఎక్కువే, అది తీసుకోండి అన్నాను. తీసుకున్నారు. ఎత్తాక కారుని మోసి నిలబెట్టే జాక్ స్టాండ్లు కూడా ఒక జత తీసుకోమన్నాను, అవీ వచ్చాయి.

మొదటి పని ఆయిల్ మార్చడం. నేనూ వెళ్లాను. జాకీ పక్క పాయింటు కిందకి చక్కగా దూరింది, ఎత్తింది, చక్రం లేచింది. ఇప్పుడు స్టాండు పెట్టాలి. ఎక్కడ పెట్టాలి? స్టాండు పెట్టాల్సిన బలమైన పాయింటు మీద జాకీ కూర్చుని ఉంది. ముందు పక్కకి చూస్తే చక్రం, వెనక పక్కకి చూస్తే మొన్న వంగిన బలంలేని మడత. ఇద్దరం కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆ ఒక్క పాయింటు వైపే చూస్తూ ఉండిపోయాం. నేను రోజూ పనిచేసే చోట కారుని నాలుగు చేతుల లిఫ్టు ఎత్తుతుంది, కాబట్టి ఈ చిక్కు నాకు రోజూ ఎదురుకాదు. ఇంటి దగ్గర చేసుకునేవాళ్లకి మాత్రం మొదటి రోజే ఎదురవుతుంది.

సరే, మాన్యువల్లో ముందు వైపు ఎత్తడానికి మధ్యలో ఇంకో పాయింటు చూపించారు, ఇంజను కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్. అక్కడ ఎత్తితే రెండు పక్కలా పాయింట్లు ఖాళీగా ఉంటాయి, రెండు స్టాండ్లూ పెట్టుకోవచ్చు. అది బంపర్ కింది అంచు నుంచి 750 మిల్లీమీటర్లు లోపలికి ఉంది. చిన్న జాకీ మొత్తం పొడవు 480. కప్పుని అక్కడిదాకా తోస్తే హ్యాండిల్ పెట్టే సాకెట్ బంపర్ కిందకి వెళ్లిపోయింది. హ్యాండిల్ నాలుగు వేళ్ల మేర కదిలేసరికే బంపర్‌కి తగులుతోంది. పంపు కొట్టే వీలే లేదు.

ఒకవేళ కొట్టగలిగినా లాభం లేదని ఆ సాయంత్రం కాగితం మీద లెక్క వేశాక తెలిసింది.

లెక్కని వెనక నుంచి మొదలుపెట్టడం

నేను అడిగిన ప్రశ్న జాకీ దూరుతుందా అని. అడగాల్సింది, పని చేసేటప్పుడు కారు దేని మీద నిలబడుతుంది, ఎంత ఎత్తులో నిలబడుతుంది అని. జాకీ పని కారుని ఆ ఎత్తుకి చేర్చి స్టాండుకి అప్పగించడం వరకే. కాబట్టి ముందు స్టాండు, ఆ తర్వాత జాకీ.

ఆయన దగ్గరున్న స్టాండు కనీస ఎత్తు 275. దాని మీద గాడి ఉన్న రబ్బరు 20, మొత్తం 295. కిందకి జరపడానికి కొంచెం ఖాళీ కావాలి, 15 అనుకుందాం. అంటే పక్క పాయింటు 310కి లేవాలి. ఇప్పుడు 145లో ఉంది, కాబట్టి 165 లేవాలి. కానీ మనం ఎత్తేది పక్క పాయింటుని కాదు, ముందున్న క్రాస్ మెంబర్‌ని. కారు వెనక చక్రాల మీద ఆనుకుని ముక్కు పైకి లేస్తుంది. వెనక ఇరుసు నుంచి పక్క పాయింటు 2100 మిల్లీమీటర్ల దూరం, క్రాస్ మెంబర్ దాదాపు 2550. ఎక్కువ దూరంలో ఉన్నది ఎక్కువ లేవాలి: 165ని 2550తో హెచ్చించి 2100తో భాగిస్తే 200. క్రాస్ మెంబర్ ఇప్పుడు 150 ఎత్తులో ఉంది, అది 350కి రావాలి. నేల సరిగా లేకపోతే, రబ్బరు నొక్కుకుంటే అని ఇంకో 50 కలుపుకుంటే, 400 దాకా ఎత్తే జాకీ కావాలి. నేను కొనిపించిన జాకీ గరిష్ఠంగా లేచేది 330.

ఇంకా తక్కువ ఎత్తు స్టాండ్లు తీసుకుంటే సరిపోదా అన్నారు ఆయన. దొరుకుతాయి, లెక్కకి సరిపోతుంది కూడా. కానీ కింద పడుకుని ఆయిల్ బోల్టు విప్పడానికి 275 దగ్గరే ఇరుకు, ఇంకా తగ్గిస్తే స్పానర్ తిప్పడానికి మోచెయ్యి మడవడం కుదరదు. ఇరుకులో బలం పెడితే కారు ఊగుతుంది. అందుకే స్టాండు ఎత్తు తగ్గించడం వద్దనుకున్నాం.

బరువు గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు అడిగేది టన్నులే. ఇంజను ముందున్న ఇలాంటి కారులో ముందు ఇరుసు మీద సుమారు 60 శాతం బరువు, అంటే 750 కిలోలు. 2 టన్నుల జాకీ చాలు. 3 టన్నులది తీసుకుంటే ఇంకా భద్రం అనుకోవడం సహజమే, కానీ టన్నులు పెరిగేకొద్దీ జాకీ శరీరం కూడా ఎత్తవుతుంది, కిందకి దించిన కారుకి అదే అడ్డం వస్తుంది. స్టాండ్ల విషయంలో మాత్రం ఒకటి చూసుకోవాలి: కొన్నిటి మీద రాసిన బరువు జతకి, కొన్నిటి మీద ఒక్కోదానికి. ఆయన తీసుకున్న వాటిలో పళ్లతో ఆగేదానికి తోడు అడ్డంగా దూర్చే పిన్ను కూడా ఉంది, అది నాకు నచ్చింది.

అట్టముక్క

మళ్లీ తప్పు చేయకూడదు కదా. ఈసారి కొనకముందే చూడాలనుకున్నాం. పొడుగు లో ప్రొఫైల్ జాకీలు ఉంటాయి, మేం చూసినదానికి కనీస ఎత్తు 85, గరిష్ఠం 480, రేటింగ్ 2.5 టన్నులు. ఈ రెండు అంకెలే చూస్తే చాలు అనిపిస్తుంది. కానీ 85 అనేది కప్పు దగ్గర ఎత్తు మాత్రమే. ట్రాలీ జాకీ ముందు సన్నగా ఉండి వెనక్కి వచ్చేకొద్దీ లావవుతుంది, చెయ్యి తిరిగే ఇరుసు, పంపు ఉండే చోట దీని వెన్ను 160 ఉంది. మన కారు బంపర్ అంచు 115. కప్పు క్రాస్ మెంబర్ దాకా వెళ్లకముందే వెన్ను బంపర్‌కి తగులుతుంది. ఈ వెన్ను ఎత్తు డబ్బా మీద రాయరు, అడిగి కొలిపించుకోవాలి.

కాబట్టి జాకీని పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆ ఆకారాన్ని అసలు కొలతలకి అట్టలో కత్తిరించాం. దాన్ని కారు కింద నేల మీద నిలబెట్టి తోసి చూశాం. ఊహించినట్టే ఆగిపోయింది. అప్పుడు ముందు చక్రాల కింద 50 మిల్లీమీటర్ల చెక్క పలకలు పెట్టి కారుని వాటిమీదకి ఎక్కించి మళ్లీ తోశాం. బంపర్ ఇరుసుకంటే ఇంకా ముందుకి ఉంటుంది కాబట్టి దాని అంచు 50కి మించి, దాదాపు 65 లేచి 180కి వచ్చింది. జాకీ కింద పరచాలనుకున్న 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కూడా కలిపితే వెన్ను 172. ఖాళీ 8 మిల్లీమీటర్లు. తక్కువే, కానీ దూరింది, ఎత్తడం మొదలవగానే బంపర్ కూడా పైకి పోతుంది కాబట్టి ఆ ఖాళీ పెరుగుతూనే ఉంటుంది.

పలకలు పెడితే ఇంక అంత పెద్ద జాకీ ఎందుకు, చిన్నదే సరిపోతుందేమో అనిపించవచ్చు. ఆయనకీ అనిపించింది. సరిపోదు. పలకలు మొదలుపెట్టే ఎత్తుని మారుస్తాయి, చేరాల్సిన ఎత్తుని మార్చవు. స్టాండు మీద పెట్టాలంటే క్రాస్ మెంబర్ నేల నుంచి 350కి రావాల్సిందే, పలక ఉన్నా లేకపోయినా. పలకలని జాకీ కింద కాకుండా చక్రాల కింద పెట్టాం అన్నది కూడా గుర్తుంచుకోవాలి, జాకీ కింద పెడితే అది దూరదు.

పలకల దగ్గర ఒక ఎదురుదెబ్బ తగిలింది. మొదట 50 మందం పలక ఒకటే పెట్టారు. ముందు చక్రాలే తిరిగే కారు కదా, ఎక్కబోతూ టైరు ఆ పలకని వెనక్కి విసిరేసింది. అక్కడ ఎవరైనా నిలబడి ఉంటే కాలికి తగిలేది. తర్వాత 25 మందం పలకలు రెండు మెట్లలా ఒకదాని మీద ఒకటి స్క్రూలతో బిగించి, కింద రబ్బరు మ్యాట్ వేసి, దారిలో ఎవరూ లేకుండా చూసుకుని, క్లచ్ మీద నెమ్మదిగా ఎక్కించాం. పలక వెడల్పు టైరు వెడల్పు కంటే ఎక్కువ ఉండాలి, ఇది 250.

ఎత్తిన రోజు

కొత్త జాకీ 30 కిలోలు దాటింది, ఇద్దరం మోశాం. ఖాళీగా చాలాసార్లు పైకీ కిందకీ ఆడించి, రిలీజ్ వాల్వు తెరిచి పంపు కొట్టి లోపలి గాలి పోగొట్టాం. స్టాండ్ల కింద కూడా జాకీ కింద ఉన్న మందం ప్లైవుడ్ ముక్కలే వేశాం, అప్పుడు లెక్క మారదు. ప్లైవుడ్ ఎందుకంటే ఆ ఇంటి ముందు నేల ఇటుకల్లాంటి బిళ్లలు పరిచినది. ట్రాలీ జాకీ చెయ్యి నిలువుగా లేవదు, గుండ్రంగా వంపు తిరుగుతూ లేస్తుంది, కాబట్టి ఎత్తేకొద్దీ జాకీ చక్రాలు కారు కిందకి కొద్దికొద్దిగా దొర్లాలి. బిళ్లల సందుల్లో చక్రం ఇరుక్కుంటే జాకీ దొర్లడం ఆగి, కప్పు జారడం మొదలవుతుంది, లేదా కారుని లాగుతుంది. జాకీ చక్రాలకి రాయి అడ్డం పెట్టకూడదని చెప్పేది ఇందుకే. అడ్డాలు కారు చక్రాలకే. నీళ్లు పోవడానికి నేల కొంచెం వాలుగా ఉన్న చోటు వదిలేసి చదునుగా ఉన్న చోటు ఎంచుకున్నాం.

వెనక రెండు చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు, హ్యాండ్‌బ్రేక్. ఆ రోజు ముందు చక్రాలు కూడా విప్పి ప్యాడ్లు చూడాలనుకున్నాం కాబట్టి, నట్లు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేశాం. చక్రం గాల్లో ఉన్నప్పుడు బిగుసుకున్న నట్టు మీద బలం పెడితే ఆ బలమంతా జాకీ మీద, స్టాండు మీద పడుతుంది. కప్పు మీద మందపాటి రబ్బరు పెట్టి, క్రాస్ మెంబర్ మీదే ఆనిందా, పక్కనున్న ఇంజను ఆయిల్ ట్యాంకు రేకుకి దగ్గరగా ఉందా అని టార్చి వేసి చూశాం. మొదట హ్యాండిల్ చిన్న చిన్నగానే ఆడింది, సాకెట్ సరిగ్గా బంపర్ అంచు కిందకి వస్తోంది. ఓ 40 మిల్లీమీటర్లు లేచాక ఆగాం. ఆగి, చుట్టూ తిరిగి చూశాం: కప్పు జరిగిందా, జాకీ చక్రాలు దొర్లాయా, వెనక చక్రాలు దిమ్మలకి ఆనుకున్నాయా. అన్నీ సరిగ్గా ఉన్నాక మిగతాది.

పక్క పాయింట్లు 310 దాటాక రెండు స్టాండ్లూ జరిపి, పిన్నులు దూర్చి, జాకీని చాలా నెమ్మదిగా దించాం. ఈ దించడం దగ్గర తొందరపడేవాళ్లు ఎక్కువ. వాల్వు కాస్త ఎక్కువ తిప్పితే బరువు ఒక్కసారిగా స్టాండు మీద పడుతుంది, ఒక స్టాండు ముందు ఆని రెండోది గాల్లో ఉంటే కారు ఒరుగుతుంది. రెండూ ఒకేసారి ఆనాయని చూసుకున్నాం. బరువంతా స్టాండ్ల మీదకి వచ్చాక, ఎవరూ కిందకి పోకముందు, పక్కనుంచి రెండు చేతులతో కారుని గట్టిగా ఊపాం. కదలలేదు. జాకీ తీసేయకుండా క్రాస్ మెంబర్‌కి తాకీతాకనట్టు ఉంచాం, విప్పిన చక్రాలు పక్క అంచు కిందకి దొర్లించాం. అప్పుడు ఆయన కిందకి వెళ్లారు. పని అయ్యాక దించేటప్పుడు చక్రాలు తిరిగి పలకల మీదకే వస్తున్నాయో లేదో ఒకరు చూడాలి, కారు కొన్ని మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరుగుతుంది.

చిన్న జాకీ ఏమైంది

అది వృథా కాలేదు, డిక్కీలోకి వెళ్లింది, కత్తెర జాకీ స్థానంలో. పంక్చర్ అయితే 80, రబ్బరు 20, మొత్తం 100, పాయింటు 105, దూరుతుంది. గాలి నెమ్మదిగా పోయే పంక్చర్ అయితే చిన్న ఎలక్ట్రిక్ పంపుతో ముందు కొంత గాలి కొట్టుకుని, ఎత్తు తెచ్చుకుని, అప్పుడు జాకీ పెట్టమని చెప్పాను. గాలి నిండిన స్టెప్నీకి, విప్పిన చదును టైరు కంటే ఎక్కువ ఎత్తు కావాలని కూడా, లేకపోతే చక్రం విప్పాక మళ్లీ పంపు కొట్టాల్సి వస్తుంది. ఈ జాకీ మీద కారు ఉండగా చక్రం మార్చడం తప్ప ఇంకేమీ చేయకూడదు, తల కాదు, చెయ్యి కూడా కిందకి వెళ్లకూడదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నది

ఇప్పుడు ఎవరైనా జాకీ అడిగితే నేను ఆ మాట పక్కన పెట్టి ముందు ఏం పని చేస్తారు అని అడుగుతున్నాను. చక్రం మార్చడమే అయితే ఒక దారి, కిందకి వెళ్లే పని అయితే పూర్తిగా వేరే దారి. కిందకి వెళ్తానంటే స్టాండు ఎక్కడ పెడతారో వేలు పెట్టి చూపించమంటున్నాను, ఫోటో పంపమంటున్నాను. చాలామంది అక్కడే ఆగిపోతారు, అప్పుడు మాన్యువల్ తెరుస్తారు. ఆ తర్వాత నాలుగు కొలతలు: గాలి పోయిన స్థితిలో పక్క పాయింటు ఎత్తు, బంపర్ అంచు ఎత్తు, బంపర్ నుంచి మధ్య పాయింటు దూరం, స్టాండు కనీస ఎత్తు. గాలి పోయిన ఎత్తు తీయడానికి టైరులో గాలి తీయక్కర్లేదు, గాలి ఉన్నప్పటి ఎత్తులోంచి 50 తీసేసి చూడమంటాను, సన్నటి టైర్లకి అది సరిపోతుంది, గోడ ఎత్తున్న టైర్లకి ఇంకా ఎక్కువ తీసేయాలి. ఇవి రాకుండా జాకీ పేరు చెప్పడం మానేశాను. ఆయనకి మొదటిసారి నేను ఈ నాలుగూ అడగలేదు. ఒక్కటే అడిగాను.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు, వెనక భాగం. ఈ కారుకి వెనక టోర్షన్ బీమ్ ఉంది, అంటే రెండు వెనక చక్రాలని కలిపే అడ్డ దూలం, మాన్యువల్ ప్రకారం దాని మధ్యలో జాకీ పెట్టకూడదు, వేరే మధ్య పాయింటు చూపించలేదు. పక్క పాయింటు నుంచే ఎత్తాలి, అంటే మళ్లీ స్టాండుకి చోటు లేని పాత చిక్కే. వెనక చక్రం లేస్తే హ్యాండ్‌బ్రేక్ కూడా ఆ పక్క పనిచేయదు, కాబట్టి ముందు రెండు చక్రాలకి దిమ్మలు పెట్టి, గేర్లో ఉంచి, ఒక్కో వెనక చక్రమే ఎత్తి టైరు మార్చుకుంటున్నారు. వెనక కిందకి వెళ్లాల్సిన పని ఏదైనా ఉంటే ఇంటి దగ్గర చేయడం లేదు. మొన్న సైలెన్సర్ హ్యాంగర్ తెగితే "అన్నా, వెనక పని, లిఫ్టు ఖాళీగా ఉందా" అని ఫోన్ చేసి, కారు తీసుకుని వచ్చేశారు.